గుర్రం క్లాసు

మా అపార్ట్‌మెంటు గేటు ముందు బైకులు పెట్టరాదని ఇనుప బోర్డు చేయించి నాటాం. ఇప్పుడు బైకుల్ని ఆ బోర్డుకే గొలుసు చుట్టి తాళం వేసుకుని పోతున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాలకి చదివే పిల్లలు పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ పట్టుకోవడానికి వస్తారు. బైకు మాకు అప్పగిస్తారు, మళ్ళీ చీకటి పడితేగానీ కనపడరు. వాళ్ళందరికీ ఉద్యోగాలొస్తే మా గేటు ఖాళీ అవుతుంది. అందుకని నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ మా అసోసియేషన్ సభ్యులం వాళ్ళ తల్లిదండ్రులకంటే ఎక్కువగా దేవుడికి మొక్కుకుంటాం.

ఈ గొడవలో పిల్లల పక్షం మాట్లాడేవాడు ఒక్కడే, మూడో అంతస్తు శ్రీపతి. మీటింగులో అందరం అరిచి అలిసిపోయాక, చదువుకునే పిల్లలు కదా, జర ఓర్చుకుందాం అనేవాడు. ఆయనకి కారు లేదు కాబట్టి ఆ ఓర్పు ఎక్కడిదో మాకు తెలుసు.

శ్రీపతి అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ప్రపంచ చరిత్ర చెప్తాడు. చెప్పేవాడు అనాలి. అలా అనడానికి నాకింకా నోరు తిరగడం లేదు.

సిలబస్ అయిపోయాక ప్రతి బ్యాచికీ చివరి రోజున ఒక క్లాసు మిగుల్చుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు నోట్సు లేదు, పెన్నులు జేబులో పెట్టుకోమనేవాడు. అశోక్‌నగర్‌లో పెన్ను కింద పెట్టమనడం, పెళ్ళిలో వడ్డించాక లేవమనడం లాంటిది. అయినా పెట్టేవాళ్ళు. పక్క సెంటర్ల పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. దానికి గుర్రం క్లాసు అని పేరు పడింది. క్లాసు మొత్తం లసాల్ అనే ఒకే ఒక్క మనిషి మీద. నెపోలియన్ దగ్గర గుర్రపు దళాలు నడిపిన ఫ్రెంచి జనరల్. ఆయన మీద ఏ పరీక్షలోనూ ఒక్క ప్రశ్న కూడా వచ్చిన దాఖలా లేదు.

శ్రీపతి క్లాసులోకి రాగానే సుద్దముక్కని రెండుగా విరిచేవాడు. నిండు సుద్ద బోర్డు మీద కీచుమంటుంది, సగం సుద్ద చెప్పిన మాట వింటుంది. పదకొండేళ్ళకే లసాల్ సైన్యంలో ఆఫీసరు అయ్యాడని మొదలుపెట్టేవాడు. ఆ వయసు పిల్లల్ని మనం ఐఐటీ ఫౌండేషన్లో చేరుస్తాం, పెద్ద తేడా లేదు అనేవాడు. విప్లవం వచ్చింది, పెద్దింటి బిడ్డవని హోదా పీకేశారు, మళ్ళీ మామూలు సిపాయిగా చేరి మొదటినుంచీ ఎక్కాడు. ఇటలీలో గుర్రం, ఈజిప్టులో పిరమిడ్ల దగ్గర గుర్రం. పెద్ద మీసాలు, నోట్లో పైపు, సంచిలాంటి ఎర్ర పంట్లాం. ముప్పై దాటి బతికున్న గుర్రపు రౌతు పనికిరానివాడు అనేవాడట. ఈ మాట దగ్గర హాలు కాస్త నిశ్శబ్దమయ్యేది. బెంచీల మీద సగంమంది ముప్పై దాటినవాళ్ళే. ప్రభుత్వం వయోపరిమితి పెంచినప్పుడల్లా వాళ్ళ ఊళ్ళలో పెళ్ళిసంబంధాలు ఇంకో ఏడాది వెనక్కి పోతాయి.

ఆ నిశ్శబ్దాన్ని ఎక్కువసేపు ఉండనిచ్చేవాడు కాదు. గబగబా బోర్డు మీద నక్షత్రంలా కోట గీసేవాడు. ప్రష్యావాళ్ళ స్టెటిన్ కోట. లోపల ఐదు వేల పైన సైన్యం, నూటికి పైగా ఫిరంగులు. బయట లసాల్ దగ్గర వెయ్యిమంది కూడా లేరు, గోడ పగలగొట్టే ఫిరంగి ఒక్కటీ లేదు. గుర్రమెక్కి గోడ దూకలేరు కదా. ఉన్న గుర్రాల్నే అటూ ఇటూ తిప్పి, వెనకాల యాభై వేలమంది వస్తున్నారు, పొద్దుటికల్లా తలుపులు తీయకపోతే మీ ఇష్టం అని కబురు పెట్టాడు. కోటకి పెద్ద ఎనభైకి దగ్గరపడ్డ ముసలాయన. ఇక్కడ శ్రీపతి నడుం వంచేవాడు. కళ్ళజోడు ముక్కు చివరికి దించేవాడు. టేబుల్ మీద లేని కాగితం మీద, లేని కలంతో, చెయ్యి గజగజ వణికిస్తూ సంతకం పెట్టేవాడు. పెట్టాక కిటికీలోంచి బయటికి చూసి, ఎంతమందని లెక్కపెట్టి, నోరు తెరిచేవాడు.

హాలు పగలబడి నవ్వేది. ఆ నవ్వు తగ్గేదాకా శ్రీపతి వంగిన నడుంతో అలాగే ఆగేవాడు. ఇదంతా నాకెలా తెలుసంటే, మా ఆఫీసులో రిటైరయ్యాక పొద్దుపోక నేను కూడా కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చూశాను.

*

ఈసారి బ్యాచి ముగియడానికి వారం ఉందనగా అనుదీప్ ఆయన్ని తన గదికి పిలిచాడు. ఆ కోచింగ్ సెంటర్ అనుదీప్‌దే. ఒకప్పుడు శ్రీపతి క్లాసులోనే ముందు బెంచీలో కూర్చుని చదివాడు. రెండు పరీక్షలు తప్పాక, పరీక్షలు రాయడంకంటే రాయించడంలో భవిష్యత్తు ఉందని కనిపెట్టాడు. ఇప్పటికీ శ్రీపతి గదిలోకి వస్తే లేచి నిలబడతాడు. ఆయన కూర్చున్నాకే కూర్చుంటాడు. అందుకని ఆ గదిలోంచి ఎవరూ కోపంగా బయటికి రారు.

సెంటర్ తరఫున యాప్ పెడుతున్నామని చెప్పాడు. ఊళ్ళలో ఉన్న పిల్లలకి హైదరాబాద్ దాకా వచ్చే ఖర్చు తప్పుతుంది, మీ పాఠం ఆదిలాబాద్‌లో కూడా వింటారు అన్నాడు. శ్రీపతికి సంతోషం వేసింది. తర్వాత అనుదీప్ ఒక కాగితం ముందుకి జరిపాడు. పాఠాలన్నీ రికార్డు చేశాక అవి సెంటర్ సొత్తు. గుర్రం క్లాసుతో సహా ఆ పాఠాల్ని పూర్తిగా గాని, కొంత గాని, ఎవరి ముందూ, ఎక్కడా, మళ్ళీ చెప్పకూడదు.

శ్రీపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక రోజు ఆలోచించుకుంటానన్నాడు.

"మీ ఇష్టం సార్," అన్నాడు అనుదీప్, బాధపడుతున్నట్టు. "విద్యానగర్ రమాకాంత్ సార్ రెడీగ ఉన్నరు. ప్రపంచ చరిత్ర గూడ నేనే చెప్త, గుర్రం క్లాసు గూడ చెప్త అంటున్నరు. రేపు పొద్దుగాల స్టూడియో బుక్కయింది. కని నాకు మీరు ఫస్టు గదా సార్, అందుకే మిమ్మల్ని పిలిచిన."

మన మధ్యతరగతి వాళ్ళది ఒక జబ్బు. క్యూ కనపడితే దేనికో కనుక్కోకుండా ముందు నిలబడతాం, తర్వాత ముందున్నవాణ్ణి అడుగుతాం. మనం వద్దనుకున్న వస్తువు పక్కవాడు చేతిలోకి తీసుకోగానే అది మనకి చాలా అవసరమని తెలుస్తుంది. శ్రీపతి మా అపార్ట్‌మెంటులో అందరికంటే నెమ్మదస్తుడు. కూరగాయలు కూడా బేరమాడకుండా కొనేవాడు. కానీ ఇంకొకరు ఆ కోట గీసి, ఆ ముసలాయనలా వంగి, ఆ చోట నవ్వించడం కళ్ళముందు కనపడేసరికి ఆయన చెయ్యి కలం కోసం వెతుక్కుంది. అనుదీప్ తన కలం మూత తీసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెప్తే భార్య దమయంతి మెట్ల మీదే నలుగురికి చెప్పింది, మా ఆయన పాఠం ఫోన్లో వస్తుందని. పెళ్ళైనప్పటినుంచీ ఆ జనరల్‌ని ఆమె మీ గుర్రపాయన అనే అంటుంది. శ్రీపతి వంటింటి గడపలో నిలబడి క్లాసు వల్లెవేసుకుంటుంటే, కథ ఈజిప్టు చేరేసరికి ఆమె మిక్సీ ఆన్ చేసేది. ఇన్నేళ్ళలో ఈజిప్టు దాటి ఒక్క అడుగు కూడా వినలేదు. ఆ సాయంత్రం మాత్రం మా ఇంటికొచ్చి, అన్నా మీ కోటు ఒకసారి ఇస్తరా, స్టూడియోవాళ్ళు కోటేసుకుని రమ్మన్నరట అని అడిగింది. మా ఆఫీసు వీడ్కోలుకి కుట్టించుకున్న కోటు అది. ఆయనకి బొత్తాలు పట్టలేదు. విప్పి ఉంచితేనే ప్రొఫెసర్‌లా ఉంటారు అని ఇద్దరం చెప్పాం.

*

స్టూడియో నారాయణగూడలో ఒక మందుల షాపు మీది అంతస్తులో ఉంది. గోడలకి గుడ్లు పెట్టే అట్టల్లాంటి స్పాంజి అంటించారు. బోర్డు లేదు, సుద్ద లేదు. ఒక పెద్ద గాజు తెర, దాని మీద రాయడానికి ఒక కలం. శ్రీపతి కలాన్ని రెండుగా విరవబోయినట్టు పట్టుకుని, మళ్ళీ సర్దుకున్నాడు. కెమెరా ఆపరేటర్ ముఖానికి పౌడర్ అద్ది, కోటుకి మైకు తగిలించి, నేల మీద రెండు చోట్ల టేపు అంటించాడు. ఈ టేపూ ఆ టేపూ దాటొద్దు సార్, ఫ్రేములకెళ్ళి బయటికి పోతరు అన్నాడు.

పాఠంలో స్పెయిన్ నుంచి డాన్యూబ్ నది దాకా గుర్రం మీద తిరిగిన మనిషి ఆ రోజు రెండు టేపుల మధ్య నిలబడ్డాడు.

శ్రీపతి చెప్పడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళ ఆఫీసరు, విప్లవం, ఇటలీ, పిరమిడ్లు. చెప్తుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎదురుగా కెమెరా నల్లటి అద్దం, దాని వెనకాల ఫోన్ చూసుకుంటున్న ఆపరేటర్. ముప్పై దాటిన రౌతు మాట దగ్గర ఎప్పటిలా గొంతు తగ్గించాడు. నిశ్శబ్దం అప్పటికే నిండుగా ఉంది కాబట్టి తేడా తెలియలేదు. కోట గీయబోతే కలం గాజు మీద జారి నక్షత్రం ఒక కొమ్ము పొడుగైంది.

ముసలాయన దగ్గర వంగాడు. కోటు వీపున బిగిసింది. చెయ్యి వణికించి సంతకం పెట్టాడు, కిటికీలోంచి చూశాడు, నోరు తెరిచాడు. తెరిచి ఆగాడు. ఆగడం ఆయనకి అలవాటు.

ఆపరేటర్ తలెత్తాడు. "సార్, మర్శిపోయిండ్రా?"

"లేదు. ఇక్కడ నవ్వుతరు."

"ఎవరు సార్?"

శ్రీపతి చుట్టూ చూసి, పిల్లలు అన్నాడు. ఆపరేటర్ అర్థం చేసుకుని, ఫికర్ లేదు సార్, ఖాళీ ఉన్నకాడల్ల కట్ చేస్తం అని ధైర్యం చెప్పాడు. తర్వాత లసాల్ చివరి యుద్ధం, వాగ్రామ్ కూడా చెప్పించాడు. ముందురోజు పెట్టె తెరిస్తే పైపు విరిగి ఉండటం, భార్య బొమ్మ మీది అద్దం పగిలి ఉండటం, ఆయన నేను ఈ యుద్ధం దాటను అనడం. అలా అంటారు, నిజమో కాదో మనం చూడలేదు అని శ్రీపతి ఎప్పుడూ కలిపే మాట కూడా కలిపాడు. ముప్పై నాలుగేళ్ళకి నుదుట తూటా. సెంటర్లో ఈ చివరి మాట తర్వాత ఎవరూ లేచేవాళ్ళు కాదు. స్టూడియోలో ఆపరేటర్ వెంటనే లైట్లు తీసేశాడు, కరెంటు బిల్లు వాళ్ళదే.

కిందికి దిగి శ్రీపతి కోటు చేతి మీద వేసుకుని నడుస్తుంటే ఇరానీ హోటల్ ముందు రమాకాంత్ కనిపించాడు. విద్యానగర్‌లో ఉంటాడు, భారతదేశ చరిత్ర చెప్తాడు. ఇద్దరూ ఒకే సెంటర్లో ఏళ్ళుగా పక్కపక్క హాళ్ళలో పాఠాలు చెప్పారు, ఒకరి టీ డబ్బులు ఒకరు ఇచ్చుకున్నారు. ఆ రోజు రమాకాంత్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. శ్రీపతి కూడా తిప్పుకుందామనుకున్నాడు, కానీ ఆయనకి అలవాటు లేక వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. టీలు వచ్చాయి. ఒకరు చక్కెర ఎక్కువైందన్నారు, ఒకరు తక్కువైందన్నారు.

చివరికి రమాకాంత్ బయటపడ్డాడు.

"ఒక్క మాట చెప్పాల్సుండె శ్రీపతి గారు. ఇన్నేండ్ల దోస్తాన్. నా మొగలులు, నా కాకతీయులు మీరే చెప్త అన్నరట. మీరు రెడీగ ఉన్నరంటెనే నేను మొన్న ఉరికొచ్చి సంతకం పెట్టిన."

శ్రీపతి కప్పు సాసర్లో పెట్టాడు. నేనా అన్నాడు. మీరే నా గుర్రం క్లాసు చెప్తానన్నారట కదా అని అడిగాడు.

"నేనా? మీ గుర్రపాయన పేరు పలుకుడే నాకు రాదు సార్."

రమాకాంత్ ముందు నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా విషయం అర్థమై, మిగతా సగం ఏంచేయాలో తెలియక మూతి తుడుచుకున్నాడు. అనుదీప్ దగ్గర విద్యానగర్ నుంచి గాని, చిక్కడపల్లి నుంచి గాని ఎవరూ ఎదురుచూడటం లేదు. ఉన్న ఇద్దరు ముసలాళ్ళనే అటూ ఇటూ తిప్పి ఇద్దరికీ చూపించాడు. రమాకాంత్ పోలీస్ కంప్లయింటు, లాయరు అని కొంతసేపు మాట్లాడి, తన అల్లుడికి తెలిస్తే పరువు పోతుందని అతనే విరమించాడు. టీ డబ్బులు ఎవరివి వాళ్ళు ఇచ్చుకున్నారు. అన్నేళ్ళలో అదే మొదటిసారి.

*

బ్యాచి చివరి రోజు ముందు సాయంత్రం అనుదీప్ ఫోన్ చేసి, సార్ మీరు రేపు రావాల్సిన పని లేదు, రెస్టు తీసుకోండ్రి, హాల్లో స్క్రీన్ మీద పెడుతున్నం అన్నాడు. పొద్దున టిఫిన్ కాగానే శ్రీపతి ఎప్పటిలా చొక్కా వేసుకుని, జేబులో సుద్దముక్క ఉందో లేదో తడుముకుని బయల్దేరాడు. ఎక్కడికని దమయంతి అడిగింది. క్లాసు ఉంది కదా అన్నాడు. అది నిజమే.

అశోక్‌నగర్ సందులో ఎప్పటిలా జిరాక్సు షాపుల ముందు గుంపులు. హాలు నిండింది. బోర్డు ఉండే చోట పెద్ద టీవీ బిగించారు, బోర్డుని వెనక్కి తిప్పి గోడకి ఆనించారు. శ్రీపతి చివరి బెంచీలో ఖాళీ చూసుకుని కూర్చున్నాడు. ఈ బ్యాచిలో ఆయన పాఠాలు అయిపోయాక ఆలస్యంగా చేరినవాళ్ళు చాలామంది. పక్కనున్న అమ్మాయి వందన, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. ఆయనకి జరిగి చోటిచ్చింది. "మీ బాబు ఏ బ్యాచ్ అంకుల్?" అని గౌరవంగా అడిగింది. ఇదే అన్నాడు శ్రీపతి.

టీవీలో ఆయన ప్రత్యక్షమయ్యాడు. పౌడర్, నా కోటు. వందన ఒకసారి టీవీని, ఒకసారి పక్కనున్న మనిషిని చూసింది గానీ, కోటు లేకపోవడం వల్ల గుర్తుపట్టలేదు. పిల్లలు పెన్నులు పట్టుకునే ఉన్నారు. కింద పెట్టమని చెప్పేవాళ్ళు లేరు. పదకొండేళ్ళ ఆఫీసరు అనగానే నోట్సులో పదకొండు అని రాసుకున్నారు. ఈజిప్టు రాసుకున్నారు. ముప్పై దాటిన రౌతు మాట కూడా రాసుకుని, దాని కింద గీత గీశారు.

కోట వచ్చింది. ముసలాయన వచ్చాడు. టీవీలో శ్రీపతి నడుం వంచాడు. కెమెరా దగ్గరగా వెళ్ళింది. హాల్లో ఎన్నడూ ఎవరికీ కనపడనంత పెద్దగా ఆ చెయ్యి టీవీ నిండా వణికింది. వేళ్ళ మీది మడతలు, గోటి పక్కన సుద్దపొడికి పగిలిన చర్మం. అది సంతకం పెట్టింది.

హాలు పగలబడి నవ్వింది.

టీవీలో మనిషి ఆగలేదు. ఖాళీ ఉన్నచోటల్లా కట్ చేశారు. నవ్వు మీదుగా ఆయన తర్వాతి మాటలు చెప్పుకుంటూ పోయాడు. గుర్రపురౌతులే కోటలు పడుతుంటే నేను ఫిరంగులు కరిగించుకోవాల్సిందే అని నెపోలియన్ రాసిన మాట, ఏ ఒక్కరికీ వినపడకుండా అయిపోయింది. వందన నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, పక్కకి తిరిగింది.

"ముసలోడు జర బయిటికి చూసుకుంటె అయిపోతుండె గదా అంకుల్. గంత తెల్వనోడు కోటకు పెద్ద ఎట్లయిండు?"

శ్రీపతి బెంచీ మీదున్న చేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎవరూ లేరని తెల్వది గదమ్మా," అన్నాడు.

క్లాసు ముగియగానే అనుదీప్ లోపలికి వచ్చి, చివరి బెంచీలో ఆయన్ని చూసి ముందు తడబడి, వెంటనే సంతోషపడ్డాడు. మైకు తెప్పించాడు. మన సార్ ఇక్కడే ఉన్నారు అని ప్రకటించి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, ఫోటో తీయించాడు. శాలువాలు ఆ సెంటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఎవరు ఎప్పుడు ఆఫీసర్లవుతారో చెప్పలేం. పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు. వందన నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

బయట వరండాలో అనుదీప్ వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. లేచాక గొంతు తగ్గించాడు. రమాకాంత్ సార్ కలిసిన సంగతి తెలిసింది అన్నాడు. అతని ముఖంలో భయం లేదు, దాపరికం లేదు. లెక్క కరెక్టుగా చేసి పలక చూపించే పిల్లాడి వెలుగు ఉంది.

"కోపం జేయకుండ్రి సార్. మీరే గదా నేర్పిచ్చింది. ముందు బెంచీల గూసోని విన్న. ఒక్క ముక్క మర్శిపోలె."

శ్రీపతి శాలువా మడతపెట్టుకుంటున్నాడు. అంచుకి అంచు సరిగ్గా కలిపి, మళ్ళీ విప్పి, మళ్ళీ కలిపాడు.

"ఆ ముసలాయన పేరేంది?" అని అడిగాడు.

అనుదీప్ ఆలోచించాడు. మీరు ఎప్పుడూ చెప్పలేదు కదా సార్ అన్నాడు. అది కూడా నిజమే. శ్రీపతి ఆ పేరుని ఏ బ్యాచికీ బోర్డు మీద రాయలేదు. పేరు రాస్తే పిల్లలు మనిషిలా చూస్తారు, నవ్వు తగ్గుతుంది.

"రోంబెర్గ్," అన్నాడు. "తర్వాత ఆయన రాజే ఆయనకు యావజ్జీవ శిక్ష ఏసిండు. సంతకం పెట్టినందుకు."

"అయ్యో, మస్తుంది సార్. ఇది వీడియోల లేదే. ఒక అయిదు నిమిషాలు యాడ్ చేద్దామా?"

శ్రీపతి తల అడ్డంగా ఊపి మెట్లు దిగాడు. మధ్యలో ఆగి, జేబులోని సుద్దముక్కని వరండా గోడ మీద పెట్టి, మళ్ళీ దిగాడు.

*

అది జరిగి పదిరోజులవుతోంది. శ్రీపతి ఇంట్లోనే ఉంటున్నాడు. పేపరు చదువుతాడు, కూరగాయలు తెస్తాడు. ఈ మధ్య బేరమాడుతున్నాడని కూరగాయల బీరమ్మ చెప్పింది. గుర్రం మాట మాత్రం ఎత్తడం లేదు. మొదట్లో దమయంతికి హాయిగానే ఉంది. మూడు రోజులు గడిచేసరికి మిక్సీ ఆన్ చేయడానికి కారణం దొరక్క పచ్చడి చేయడం మానేసింది. నాలుగో రోజు పొద్దున ఆమే గిన్నెలు కడుగుతూ అడిగిందట, "ఈజిప్టు అయినంక ఏమయింది ఆయనకు?" అని.

శ్రీపతి, ఎవరి ముందూ చెప్పనని సంతకం పెట్టిన అన్నాడట.

ఆమె నవ్వులాట అనుకుంది. మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. యాప్‌లో ఉంది చూసుకొమ్మన్నాడు. యాప్‌లో చూస్తే ఆ కోటేసుకున్నాయన ఎవరో నాకు తెల్వదన్నా, మా ఆయన గిట్ల ఒక్కతీరుగ మాట్లాడడు అని ఆమె నాతో అంది. అగ్రిమెంటు జిరాక్సు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను రిజిస్ట్రేషన్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, ఈ అపార్ట్‌మెంటులో స్టాంపు కనపడితే అందరూ నా దగ్గరికే వస్తారు. ఎవరి ముందూ అంటే అందులో పెళ్ళాం వస్తదా రాదా అని ఆమె ప్రశ్న. నేను కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివి, పెళ్ళాన్ని ఏ దస్తావేజూ బయటిమనిషిగా లెక్కేయలేదు, ధైర్యంగా చెప్పించుకోండి అన్నాను. ఆమె ముఖం విప్పారింది.

ఆ మాటే చెప్దామని సాయంత్రం శ్రీపతిని డాబా మీదికి తీసుకెళ్ళాను. వంటింట్లో చెప్పుకుంటే ఏ కోర్టూ ఏమీ అనదు అని సెక్షన్లతో సహా వివరించాను. ఆయన అంతా ఓపికగా విన్నాడు. నీళ్ళ ట్యాంకు గోడ మీద చెయ్యి ఆనించి, అశోక్‌నగర్ వైపు చూస్తూ ఉన్నాడు.

"కాగితం సంగతి నాకు ఎరుకే అన్నా," అన్నాడు. "దానికి భయపడి కాదు. ఒక్కణ్ణే ఉన్నప్పుడు బాత్రూములో అనుకుని చూసిన. ఈజిప్టు దాక మంచిగనే వస్తది. ఆ ముసలాయన దగ్గరికి రాంగనే గొంతు పడుతలేదు. వంగితే మళ్ళ లేస్తనో లేదో అనిపిస్తున్నది." గోడ మీంచి చెయ్యి తీసి, "ఈ మాట ఆమెకు మాత్రం చెప్పకు. కాగితం అడ్డమున్నదనే అనుకోనీ," అన్నాడు.

నేను చెప్పనని మాటిచ్చాను. మా ఆఫీసులో ముప్పై ఏళ్ళు సాక్షి సంతకాలు చూసినవాణ్ణి, మాట ఇవ్వడం తేలిక.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. దమయంతి రోజూ పొద్దున ఫిల్టరు కాఫీ పట్టుకుని వస్తోంది. కాగితం చెల్లదని మీరే చెప్పిండ్రు గదా, మరి మా ఆయనకు గట్టిగ చెప్పుండ్రి అంటోంది. ఇన్నేండ్లు మిక్సీ పెట్టి నోరు మూయించిన, ఆ పాపమే తగిలింది అంటోంది. నిన్న వచ్చి కూర్చుని, ఏమీ అడగకుండా, కొంగుతో కళ్ళొత్తుకుని, ఖాళీ గ్లాసు తీసుకుని పోయింది. కాగితం చెల్లుతుందని నేనిప్పుడు మాట మారిస్తే, ఆమె అనుదీప్‌ని నాలుగు తిట్టుకుని ఊరుకుంటుంది, కానీ ఆ ఇంట్లో ఆ కథ ఇక ఎవరూ అడగరు. చెల్లదని నిలబడితే, మరెందుకు చెప్పడని ఆమె అడుగుతుంది. దానికి జవాబు నా దగ్గరుంది, చెప్పే హక్కు లేదు.

మీలో చదువుకున్నవాళ్ళున్నారు, సంసారాలు చేసినవాళ్ళున్నారు, ఒకప్పుడు గలగలా మాట్లాడి ఉన్నట్టుండి ఆగిపోయిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. నేనేం చేయాలో కాస్త చెప్పండి, మీకు పుణ్యముంటుంది. త్వరగా చెప్పండి. కింద మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినపడుతోంది, చేతిలో గ్లాసు ఉన్నట్టుంది.